వేలి మీద తెల్ల టేపు

కౌంటరు వెనక కూర్చున్న పిల్ల నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఎలక్ట్రీషియన్ కోర్సు మీ అబ్బాయికా ఆంటీ?" అని అడిగింది. నాకు అబ్బాయి లేడు. అమ్మాయీ లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. కోర్సు నాకేనమ్మా, వయసు రాయాల్సిన గడి ఎక్కడుందో చూపించు, సిగ్గుపడకుండా రాస్తాను అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక కంప్యూటరు వెనక తల దాచుకుంది. నవ్వుకోనీ అనుకున్నాను. అప్పటికే రెండు చోట్ల నవ్వించుకుని వచ్చాను, మూడో చోట నవ్వితే కొత్తగా పోయేదేముంది.

నేను బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను మీద పనిచేసిన మనిషిని. చొక్కాలకు కాలర్లు కుట్టేదాన్ని. పెళ్ళయిన ఏడాది చేరితే జుట్టు నెరిసేదాకా అదే స్టూలు, అదే మిషను, అవే కాలర్లు. ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి గేటుకి తాళం, తాళం పక్కన కాగితం. ఫ్యాక్టరీ మూసేశాం, ఇళ్ళకు వెళ్ళండి అని రాసి చేతులు దులుపుకున్నారు. అంతమంది ఆడవాళ్ళం గేటు ముందు నిలబడి ఏడ్చాం, తిట్టాం, శాపనార్థాలు పెట్టాం, ఎండెక్కాక ఇంటిదారి పట్టాం. ఆ దారిలోనే అనుకున్నాను, ఇక చచ్చినా ఒకడి గేటు లోపల పని చెయ్యకూడదని. నా పనిముట్లు నా సంచిలో ఉండాలి. నా పనికి ఎవడూ తాళం వెయ్యకూడదు.

మరి ఎలక్ట్రీషియన్ పనే ఎందుకూ అని అందరూ అడిగారు. ఫ్యాక్టరీలో మిషను మోటారు ఆగినప్పుడల్లా మెకానిక్కు వచ్చేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక వెనక మూత విప్పి చూసేదాన్ని. అందులో నాకేదో అర్థమైపోయిందని కోతలు కొయ్యను. కానీ ఆ తీగలు చూస్తే భయం వేసేది కాదు, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో చూడాలనిపించేది. అంతే. ఆ మాట మా ఆయనకు చెబితే భోంచేస్తున్నవాడల్లా చెయ్యి ఆపి, ఎవరైనా వింటే నవ్వుతారే అన్నాడు. ఎవరైనా అంటే ఎవరో కాదు, ఆయనే. పెట్రోలు బంకులో పొద్దస్తమానం నిలబడి వచ్చిన మనిషి కదా అని ఆ పూటకి నోరు మూసుకున్నాను.

మొదట వెళ్ళింది పగటిపూట నడిచే పెద్ద ఇన్‌స్టిట్యూటుకి. కిటికీ అవతల గుమాస్తా మంచివాడే. మీ వయసువాళ్ళు ఇక్కడ పాఠాలు చెబుతారమ్మా, వినరు అని మర్యాదగానే చెప్పాడు. చేరడానికి వయసు గీత ఒకటి ఉందట, దాన్ని నేను ఎప్పుడో దాటేశానట. దాటుతున్నప్పుడు ఎవరూ చెప్పలేదే అన్నాను. పాపం, వెనకున్నవాణ్ణి పిలిచాడు.

రెండోది గోడగోడకీ పోస్టర్లు అంటించినవాళ్ళది. నెల తిరిగేసరికి ఎలక్ట్రీషియన్ అయిపోవచ్చట. పోస్టరు మీద హెల్మెట్టు పెట్టుకుని ఒకడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. లోపల ఏసీ గదిలో కూర్చున్నాయన నన్ను చూడగానే కుర్చీ వేయించి, మేడమ్ మేడమ్ అంటూ ఆకాశానికెత్తేశాడు. ఆఖర్న వాళ్ళిచ్చే కాగితం చూపించాడు, అంచంతా బంగారు రంగు. ఈ కాగితం ఉంటే ఒక ఇంటికి నేను వైరింగ్ చేసి, నాదీ పూచీ అని సంతకం పెట్టొచ్చా అని అడిగాను. సంతకం అంటే మేడమ్, దానికి లైసెన్సు వేరే ఉంటుంది మేడమ్ అన్నాడు. మరి నీ కాగితం దేనికయ్యా, అద్దం కట్టించి గోడకు తగిలించుకోవడానికా అని అడిగి లేచి వచ్చేశాను.

మూడోది ఆ పిల్ల నవ్విన సాయంత్రం కాలేజీ. అక్కడి మాస్టారు బట్టతల మనిషి, మాట తక్కువ. మీలాంటివాళ్ళకు ఉన్నది పొడుగు దారేనమ్మా అన్నాడు. సాయంత్రాలు ఇక్కడ పాఠం. పగలు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ కింద పని. ఆ మనిషి మీ పని చూసి సరే అని రాసివ్వాలి. తర్వాత లైసెన్సిచ్చే బోర్డువాళ్ళ ముందు ప్రాక్టికల్ పరీక్ష. అది గట్టెక్కితే మీరు ఎవరికింద పనిచేశారో ఆయనకూ మీకూ తేడా ఉండదు, ఆయన లైసెన్సూ మీ లైసెన్సూ ఒకటే అన్నాడు. ఆ ఆఖరి మాట నా చెవుల్లో ఉండిపోయింది. ఇప్పటికీ ఉంది.

పగలు ఎవరి కింద పనిచెయ్యాలి అన్నదగ్గరే వచ్చింది తంటా. కాళ్ళరిగేలా తిరిగాను. ఒకాయన నిచ్చెన మీంచి పడితే మాకు చుట్టుకుంటుందమ్మా అన్నాడు. ఇంకొకాయన మీకెందుకమ్మా ఈ వయసులో, హాయిగా ఇంట్లో కూర్చోక అని బోడి సలహా ఇచ్చాడు. అన్నీ అయ్యాక ఇంట్లోవాడే మిగిలాడు. మా మరిది.

మా మరిదికి లైసెన్సుంది, బజార్లో షాపుంది, మంచి పేరుంది. నేను కాపురానికి వచ్చేటప్పటికి వాడు బడికి వెళ్ళే పిల్లాడు. వాడి చొక్కాలకు ఊడిన గుండీలన్నీ నేనే కుట్టేదాన్ని. పెద్దయ్యాక కూడా ఇంటికొస్తే వదినా మీరు కూర్చోండి, నేను తెచ్చుకుంటాను అనే మనిషి. మా ఆయన వెళ్ళి అడిగాడు. అన్నయ్య అడిగాక కాదనలేక సరేనన్నాడు. పనిలో చేరిన మొదటి రోజు, కడుతున్న ఇంట్లో, పదిమంది ముందు, "ఏయ్ వదినా, నువ్వా నిచ్చెన ఇటు పట్రా" అన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు మళ్ళీ మీరు, కూర్చోండి. పనిలో వరసలుండవు కదా అని సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోవడం మొదలుపెడితే ఇక దానికి అంతుండదని అప్పుడు తెలియలేదు.

నిచ్చెన మోశాను. గోడల్లో గాడులు కొట్టాను, దుమ్ము ముక్కుల్లోకీ జుట్టులోకీ పోయి ఇంటికొచ్చి తుమ్మితే బూడిద రాలేది. పైపుల్లోంచి తీగలు లాగాను, అరచేతులు బొబ్బలెక్కి, మానిపోయి, గట్టిపడ్డాయి. తర్వాత తర్వాత ఇంటికంతా కరెంటు పంచే మెయిన్ బోర్డులు కట్టడం వచ్చింది. తీగలు ఒకదాని పక్కన ఒకటి వరసగా, మలుపు దగ్గర అన్నీ ఒకేలా వంచి, అడ్డదిడ్డంగా ఒక్కటి లేకుండా కట్టేదాన్ని. కాలరు మడత కుట్టిన చేతులు, వాటికి అది కష్టం కాలేదు. బోర్డంతా నేను కట్టేదాన్ని. ఆఖర్న మా మరిది వచ్చి, బోర్డు తలుపు లోపలివైపు ఒక చీటీ అంటించేవాడు. ఈ పని చేసినవారు, పూచీ ఉన్నవారు అని అచ్చు వేసి, కింద వాడి పేరు, వాడి లైసెన్సు, వాడి సంతకం. ఆ తలుపు మూస్తుంటే ప్రతిసారీ నా కడుపు మండేది. నేను కట్టిన ఇళ్ళన్నిట్లో వాడి పేరు వెలుగుతోంది. నాకు కావలసింది మేడలు కాదు. ఒక్క తలుపు లోపల, ఒక్క చీటీ మీద నా పేరు.

ఆ తలుపు ఎవరిదో కూడా తెలుసు నాకు. ఫ్యాక్టరీలో నా పక్క మిషను మీద గుండీలు కుట్టిన మనిషి ఒకతి ఉంది, ఆమెను అందరం బొత్తాం అనేవాళ్ళం. అది ఇంకో నలుగుర్ని పోగేసి సొంతంగా కుట్టు షెడ్డు పెడుతోంది. గోడలు లేచాయి, కప్పు పడింది. వైరింగు ఒక్కటే ఆపి కూర్చుంది. "నీ పేరు పడ్డాకే మా మిషన్లు తిరగాలే. ఆగుతాం. నువ్వు పరీక్షయి రా" అంది. ఆ మాటకి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. వచ్చినట్టు దానికి తెలియనివ్వలేదు, తెలిస్తే జీవితాంతం దెప్పుతుంది.

ఇప్పుడు వేలి సంగతి చెప్పాలి.

సాయంత్రం కాలేజీలో మాస్టారు మొదటి పాఠం నుంచీ ఒకటే పాట. తీగలో కరెంటు లేదని తేలేదాకా దాన్ని ముట్టుకోకూడదు. తేలడమంటే స్విచ్చి కట్టేయడం కాదు. ముందు కరెంటున్న చోట మీటరు పెట్టి, మీటరు పనిచేస్తోందో లేదో చూడాలి. తర్వాత మనం పనిచెయ్యబోయే తీగ మీద పెట్టాలి. తర్వాత మళ్ళీ కరెంటున్న చోట పెట్టాలి, ఈ మధ్యలో మీటరే చచ్చిందేమో అని. మీటరు అబద్ధం చెప్పొచ్చు, మీరు కట్టేశాననుకున్న స్విచ్చి ఇంకో గదిది అయ్యుండొచ్చు, మీ వేలికి మాత్రం రెండోసారి అంటూ ఉండదు అనేవాడు. నేను బుద్ధిగా విన్నాను. మంచి మీటరు ఒకటి కొనుక్కున్నాను. దానికి గుడ్డ సంచి కుట్టుకున్నాను.

పగలు మా మరిది దగ్గర వేరే చదువు. వాడు మీటరు తీసేది ఏ తనిఖీవాళ్ళో వచ్చినప్పుడే. మామూలుగా అయితే గోడలో తీగలు కలిసే పెట్టె మూత విప్పీ విప్పగానే కుడిచేతి రెండు వేళ్ళ వెనకభాగంతో తీగ కొసని అలా రాసేవాడు. చూసీ చూడనట్టు, దుమ్ము దులిపినట్టు. కరెంటుంటే వేళ్ళు ముడుచుకుపోతాయి, లోపలివైపుతో ముట్టుకుంటే పట్టేసుకుంటాయి, వెనకవైపుతో అయితే విదిలించేస్తాయి, అదీ కిటుకు అని చెప్పాడు. వాళ్ళ గురువు దగ్గర నేర్చుకున్నాడట. ఆ గురువు ఇంకా బతికే ఉన్నాడా అని అడిగితే, నువ్వన్నీ వంకరగానే మాట్లాడతావు వదినా అన్నాడు.

నేను మీటరు తీస్తే వాడికి ఆట. ఇంటివాళ్ళు చూస్తుండగా, "మా వదిన తీగకి జ్వరం చూస్తోంది" అనేవాడు. వాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. నేను మూడుసార్లూ చూసి మీటరు సంచిలో పెట్టేదాకా, గడియారం చూసుకుంటూ నిట్టూర్చేవాడు. నా నోటికి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లు భయపడేవాళ్ళు. కానీ పని రాసివ్వాల్సిన మనిషి ముందు నోరుంటే ఏం, లేకపోతే ఏం. మింగేసేదాన్ని. రోజూ మింగితే ఏదైనా ఒంటికి పట్టకుండా పోతుందా.

ఒకరోజు హడావిడిగా ఉంది. ఒక బట్టల కొట్టు, సాయంత్రానికల్లా తెరవాలట, యజమాని నెత్తిమీద నిలబడ్డాడు. మా మరిది కింద బోర్డు దగ్గర, నేను నిచ్చెన మీద. మీటరు సంచి కిందే ఉండిపోయింది. దిగాలి, తీసుకోవాలి, మళ్ళీ ఎక్కాలి, ఈలోపు జ్వరం జోకు పడాలి. విసుగొచ్చింది. మూత విప్పి, రెండు వేళ్ళ వెనకభాగంతో తీగని రాశాను. ఏమీ కాలేదు. పని చేసుకుపోయాను. కిందనుంచి మా మరిది చూశాడు. "శభాష్ వదినా, ఇప్పుడయ్యావు ఎలక్ట్రీషియన్వి" అన్నాడు.

అన్నాళ్ళలో వాడు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అంత చక్కగా బోర్డులు కట్టినప్పుడు అనలేదు. గాడులు కొట్టి చేతులు పగిలినప్పుడు అనలేదు. ఆ రోజు ఇంటికి నడుస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. సిగ్గులేని దాన్ని, వాడి నిక్కరు గుండీలు కుట్టినదాన్ని, వాడు శభాష్ అంటే పొంగిపోయాను.

ఆ తర్వాత పగలు వేలు, సాయంత్రం మీటరు. రెండూ వచ్చు కదా, ఎక్కడిది అక్కడ వాడుకుంటాను అనుకున్నాను. మాస్టారి ముందు ఒక్కసారి కూడా తప్పలేదు. మీ చెయ్యి పద్ధతిగా ఉందమ్మా అని ఆయన నలుగురిలోనూ చెప్పేవాడు. మా మరిది కూడా అడగ్గానే పని బాగుందని రాసిచ్చాడు. ఆ విషయంలో వాణ్ణి తప్పుపట్టను.

పరీక్ష ఒక పెద్ద షెడ్డులో. వరసగా చెక్క గోడలు, ఒక్కో గోడకి ఒక బోర్డు, దీపాలు, ప్లగ్గులు, ఒక చిన్న మోటారు. నా చుట్టూ అంతా మీసాలు మొలుస్తున్న కుర్రాళ్ళు. పరీక్ష పెట్టేవాడు మెడలో తాడుకు కళ్ళజోడు వేలాడేసుకున్న పెద్దమనిషి. ముందే అందరికీ చెప్పాడు, కట్టు వంకరైతే మార్కు పోతుంది, ఆలస్యమైతే మార్కు పోతుంది, కరెంటు లేదని చూపించకుండా తీగ ముట్టుకుంటే మాత్రం మార్కు కాదు, పరీక్షే పోతుంది అని. మళ్ళీ రావాలంటే ఇంకో ఏడాది లైసెన్సున్న మనిషి కింద పనిచేసి రావాలి. ఎవరికైనా సందేహాలున్నాయా అన్నాడు. ఎవరికీ లేవు. నాకైతే అసలే లేవు.

బోర్డు కట్టాను. ఆ పెద్దమనిషి కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా వంగి చూసి, తల పంకించాడు. నా పక్క గోడ దగ్గర కుర్రాడు కూడా తొంగిచూశాడు. తర్వాత రెండో భాగం. దీపం ఒకటి వెలగడం లేదు, ఎక్కడ తెగిందో పట్టుకోవాలి. బ్రేకరు కట్టేశాను, తాళం వేశాను, తాళంచెవి మెడలో వేసుకున్నాను. మీటరు తీశాను. కరెంటున్న చోట చూశాను, తీగ మీద చూశాను, మళ్ళీ కరెంటున్న చోట చూశాను. మొదటి పెట్టెలో తప్పేం లేదు. అయితే గోడ చివరనున్న రెండో పెట్టెలోనే ఉంటుంది. దానికి కరెంటు వేరే దారిన వస్తుంది, కాబట్టి మళ్ళీ మొదట్నుంచీ చూసుకోవాలి. ఆ మాట మనసులో అనుకున్నాను కూడా. తప్పెక్కడుందో దాదాపు దొరికిపోయింది, మనసంతా ఉషారుగా ఉంది. మూత విప్పాను.

"ఆగండమ్మా" అన్నాడు పెద్దమనిషి.

ఏమైందండీ అన్నాను. పనిముట్లు కింద పెట్టండి అన్నాడు. పెట్టాను. ఎందుకో నాకు తెలియలేదు. నిజంగానే తెలియలేదు. నా మొహం చూసి, తెలియలేదని ఆయనకు అర్థమైంది. అప్పుడు తన కుడిచేయి ఎత్తి, రెండు వేళ్ళ వెనకభాగంతో గాల్లో అలా రాసి చూపించాడు. మా మరిది రాసినట్టే ఉంది. ఆ పెట్టెలో కరెంటు లేదు, నా వేలికి చీమ కుట్టినట్టయినా కాలేదు. కుట్టి ఉంటే నాకు కనీసం తెలిసేది.

"ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది. చెప్పాలంటే చెప్పొచ్చు. షాపు పేరుతో సహా చెప్పొచ్చు. కానీ మళ్ళీ ఏడాది పనిచెయ్యాల్సింది ఎవరి దగ్గరో అప్పటికే నా బుర్రకు తట్టింది. నేనే పాడు చేసుకున్నానండీ అని వచ్చేశాను. కుర్రాళ్ళందరూ తలలెత్తి చూస్తుంటే ఆ షెడ్డు పొడుగునా నడిచి బయటికి రావడం, తల కొట్టేసినట్టయింది. బస్టాపులో మొహానికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పక్కనున్నావిడ ఎవరైనా పోయారా అని అడిగింది.

మా ఆయన పోనీలే, ఇంతటితో వదిలెయ్ అన్నాడు. మా మరిది మాత్రం ఇంటికొచ్చి, మీరేం బాధపడకండి వదినా, నా దగ్గర పని ఎప్పుడూ ఉంటుంది అన్నాడు. ఎందుకు తప్పానో చెప్పాను. దాచలేదు. వేలు, పెట్టె, అన్నీ చెప్పాను. అయ్యో అంటాడేమో, నావల్లే కదా అంటాడేమో అని ఎదురుచూశాను. "అందులో కరెంటు లేదుగా మరి? అయితే వేలు కరెక్టే చెప్పింది" అన్నాడు. మా ఆయన నవ్వాడు. ఇద్దరికీ కాఫీ ఇచ్చి లోపలికి పోయాను.

మాస్టారు అంతా విన్నాడు, తిట్టలేదు. అర్థమైంది, ఒకే చేతికి రెండు చదువులు నేర్పారు అన్నాడు. సొరుగులోంచి తెల్ల టేపు చుట్ట తీసి, నా కుడిచేతి రెండు వేళ్ళకూ చుట్టాడు. రాగి తీగ కొస రాసుకుంటే దీనిమీద నల్లగా గీత పడుతుంది. మీకు తెలియకపోయినా దీనికి తెలుస్తుంది. రోజూ కొత్తది చుట్టుకోండి, సాయంత్రం విప్పి చూసుకోండి. నెల్లాళ్ళు తెల్లగా ఉంటే మీ చెయ్యి మీ చేతికొచ్చినట్టే అన్నాడు.

మొదట్లో సాయంత్రానికి ఆ టేపు చూస్తే చిన్నపిల్లల పలకలా ఉండేది. అన్ని గీతలు ఎప్పుడు పడ్డాయో ఒక్కటీ గుర్తుండేది కాదు. నా చెయ్యి నాకే పరాయిదైపోయిందని భయం వేసింది. పంతం పట్టాను. మూత విప్పేముందు కుడిచేయి నడుం వెనక పెట్టుకున్నాను. మీటరు మెడలో వేలాడేసుకున్నాను. జ్వరం జోకు ఎన్నిసార్లు పడినా పళ్ళు నూరుకుంటూ మూడుసార్లూ చూశాను. వేలికేమైందని ఇంటివాళ్ళు అడిగితే, మా వదినకు పరీక్షలో దెబ్బ తగిలింది అని మా మరిది నవ్వేవాడు. గీతలు తగ్గాయి. పూర్తిగా పోయాయి. టేపు తెల్లగా వస్తుంటే పరీక్ష పాసైనంత సంబరం. ఇంకో వారంలో నెల నిండుతుందనగా బొత్తాం కబురు చేసింది.

ఇక ఆగలేమే అంది. మిషన్లు వచ్చి గోనెపట్టాల్లో పడున్నాయి, అందరి ఇళ్ళల్లోనూ పొయ్యి వెలగాలి, ఏడాది ఎలా ఆగుతాం చెప్పు అంది. దాని తప్పేం లేదు. మీ మరిదికే చెప్పుకుంటాం, పని మాత్రం నీ చేత్తోనే చెయ్యి అంది. చేస్తానన్నాను. ఇంకేమంటాను.

ఆ షెడ్డుకి నేను కట్టినంత బాగా ఇంకెక్కడా కట్టలేదు. ప్రతి మిషనుకీ నెత్తిమీద దీపం, మోకాలికి తగలకుండా ప్లగ్గు. ఎక్కడ ఏది ఉండాలో స్టూలు మీద కూర్చుని కుట్టినదానికే తెలుస్తుంది. ఆఖరి రోజు మధ్యాహ్నం మా మరిది వచ్చాడు. పెద్ద బోర్డు దగ్గర చివరి పెట్టె ఒక్కటే మిగిలింది. అయిదుగురూ చుట్టూ చేరారు, వాడు నా వెనక నిలబడ్డాడు. మీటరుతో అన్నీ పద్ధతిగానే చూసుకుంటూ వచ్చాను. ఆఖరి మూత విప్పి, తీగలు సర్ది, బిగించాను.

"శభాష్ వదినా" అన్నాడు.

పరీక్ష తప్పాక వాడి నోట ఆ మాట రావడం అదే మొదలు. బోర్డు చూసి అన్నాడనుకున్నాను. చూడు, కట్టు చూసి మెచ్చుకోవడం ఇన్నాళ్ళకు వచ్చింది వీడికి అనుకున్నాను. నా మనసు కొంచెం మెత్తబడింది కూడా. వాడు జేబులోంచి చీటీ తీసి, సంతకం పెట్టి, తలుపు లోపల అంటించి, అరచేత్తో గట్టిగా అదిమాడు. నేను బ్రేకరు పైకి ఎత్తాను. దీపాలన్నీ వెలిగాయి. వాళ్ళు చప్పట్లు కొట్టి, తలా ఒక మిషను దగ్గరికి పరుగెత్తారు. షెడ్డంతా ఫ్యాక్టరీ చప్పుడే.

మా మరిది వెళ్ళిపోయాక కిటికీ దగ్గర వెలుతుర్లో నిలబడి టేపు విప్పాను. నెల నిండిన రోజు కదా, నిదానంగా విప్పాను. నడిమి వేలి మీద, కణుపు పైన, నల్లటి గీత. ఒక్కటే. సన్నగా, స్పష్టంగా, అప్పుడే పడినట్టు ఉంది.

ఎప్పుడు పడిందో ఈసారి వెతుక్కోనక్కర్లేకపోయింది. శభాష్ అని చెప్పాడుగా వాడు. వాడు మెచ్చుకున్నది నా కట్టుని కాదు. వెనక నిలబడి చూస్తున్నాడు, చుట్టూ అయిదుగురు చూస్తున్నారు, నా వేలు వాడి మెప్పుకోసం నన్నడక్కుండానే పోయింది. పోయి తెచ్చుకుంది. ఆ వేలిని కొరికి పారెయ్యాలనిపించింది.

బొత్తాం మిషను ఆపి వచ్చింది. బోర్డు తలుపు తెరిచి చీటీ చదివింది. చదివి, తలుపు మూయకుండా నా వైపు చూసింది.

"ఇందులో నీ పేరు ఎప్పుడు వస్తుందే?" అంది.

వచ్చే ఏడు మార్చేస్తాలే అన్నాను. అని, ఆ వేలు దానికి కనపడకుండా పిడికిలి మూసుకున్నాను.